గింజ మొత్తం తినమన్న ఊరు

గత వారం ఉక్కు రోలర్ మిల్లుల కథ చెప్పుకున్నాం. 1880ల నాటికి అవి అమెరికాలో గోధుమ పిండిని తెల్లగా మార్చేశాయి. తిరగలి రాయి గింజను మొత్తంగా నలిపేది. రోలర్లు అలా కాదు, పైపొరను, మొలకను పక్కకు నెట్టి మధ్యలోని పిండి భాగాన్ని మాత్రమే చేతికిచ్చాయి. గోధుమ గింజ బరువులో పైపొర సుమారు 14 శాతం, మొలక 3 శాతం, మిగిలిన 83 శాతం పిండి. అంటే తీసేసింది ఆరో వంతు మాత్రమే. కానీ పీచు, బి విటమిన్లు, ఇనుము, మంచి నూనె చాలావరకు ఉండేది ఆ ఆరో వంతులోనే.

ఈ వారం కథ ఆ తెల్లపిండికి ఎదురు తిరిగినవాళ్లది. గింజను గింజగా, ఏమీ తీసేయకుండా తినాలని పట్టుబట్టిన కొద్దిమంది నుంచే ఇవాళ ప్రతి సూపర్ మార్కెట్లో ఒక వరుస మొత్తం ఆక్రమించుకున్న అల్పాహారపు పెట్టెల పరిశ్రమ పుట్టింది. యాభై ఏళ్లు నిండకుండానే ఆ పరిశ్రమ తాను ఏ గింజ కోసం పుట్టిందో ఆ గింజనే వదిలేసింది. తప్పనిసరై వదిలిందా, సులువని వదిలిందా అన్నదే ఈ కథలో నన్ను ఎక్కువగా పట్టుకున్న ప్రశ్న.

పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో పొద్దుటి తిండి చాలా బరువైనది. ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసం, కొవ్వులో వేయించిన బంగాళాదుంపలు, పాన్‌కేకులు, కాఫీ. పొలంలో ఒళ్లొంచి పనిచేసేవాడికి అది సరిపోయింది. పట్నంలో కుర్చీలో కూర్చుని లెక్కలు రాసేవాడికి అరగలేదు. అజీర్తి ఆ కాలపు అమెరికాకు ఇంటింటి జబ్బు అయింది. దానికి మందు ఇస్తామన్న వైద్యుల్లో, ప్రవక్తల్లో సిల్వెస్టర్ గ్రాహం (1794–1851) మొదటి వరసలో ఉంటాడు. ఆయన మత ప్రబోధకుడు. రోలర్ మిల్లులు రాకముందే, పట్నం బేకరీలవాళ్లు జల్లించిన పిండితో చేసే రొట్టెల మీద ధ్వజమెత్తాడు. రొట్టె గురించి, దాన్ని చేసే తీరు గురించి 1837లో ఏకంగా ఒక పుస్తకం రాశాడు. మాంసం మానండి, మద్యం మానండి, జల్లించని ముతక పిండితో ఇంట్లో కాల్చిన రొట్టె తినండి అన్నది ఆయన బోధ. దానికి ఆయన చూపిన కారణాల్లో చాలావాటిని శాస్త్రం ఒప్పుకోలేదు. మసాలాలు, మాంసం మనిషిలో కామాన్ని రెచ్చగొడతాయన్న భయం ఆయన రాతల నిండా కనిపిస్తుంది. కారణాలు ఎలా ఉన్నా, జల్లించని పిండి విషయంలో ఆయన చెప్పిందే నిజమైంది. ముతక గోధుమ పిండికి అక్కడ ఆయన పేరే నిలిచిపోయింది.

న్యూయార్క్ రాష్ట్రంలోని డాన్స్‌విల్‌లో జేమ్స్ కేలబ్ జాక్సన్ అనే ఆయన నీటి వైద్యశాల నడిపేవాడు. అంతకుముందు బానిసత్వ నిర్మూలన ఉద్యమంలో పనిచేసిన మనిషి. ఆయన 1863లో గ్రాహం పిండిని నీళ్లతో కలిపి పలుచని పలకలుగా ఓవెన్‌లో కాల్పించాడు. ఆ పలకలను విరగ్గొట్టి మళ్లీ కాల్పించి, మరింత చిన్న పలుకులుగా విసిరించాడు. దానికి గ్రానులా అని పేరు పెట్టాడు. అది రాయిలా గట్టిది. రాత్రంతా పాలలోనో నీళ్లలోనో నానితే తప్ప పంటికి లొంగేది కాదు. అయితే పొద్దున్నే పొయ్యి వెలిగించే పని లేదు, నెలల తరబడి నిల్వ ఉంటుంది. ముందే వండి పెట్టుకుని చల్లగా తినే అల్పాహార ధాన్యానికి అమెరికాలో అదే ఆరంభం.

అదే 1863లో మిషిగన్ రాష్ట్రంలోని బాటిల్ క్రీక్ అనే చిన్న ఊళ్లో సెవెంత్ డే అడ్వెంటిస్టుల సంఘం లాంఛనంగా ఏర్పడింది. ఆ సంఘానికి మార్గదర్శి ఎలెన్ వైట్. ఆరోగ్యం గురించి తనకు దైవదర్శనం కలిగిందని ఆమె ప్రకటించింది కూడా ఆ ఏడాదే. మాంసం, మద్యం, పొగాకు, టీ, కాఫీలు వదలాలన్నది దాని సారం. మరుసటి ఏడాది ఆమె డాన్స్‌విల్ వెళ్లి జాక్సన్ వైద్యశాలను చూసింది. 1866లో బాటిల్ క్రీక్‌లో అటువంటిదే ఒకటి తెరిపించింది. మన నూజివీడులోని గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి కూడా ఈ సంఘం స్థాపించినదే. వైద్యాన్ని, ఆహారాన్ని మత ధర్మంలో భాగం చేసుకోవడం ఆ సంఘానికి పుట్టుకతో వచ్చిన గుణం.

ఆ ఊళ్లో చీపుర్లు తయారుచేసే జాన్ ప్రెస్టన్ కెలాగ్ కుటుంబం ఉండేది. ఆయన కొడుకుల్లో ఒకణ్ణి సంఘమే వైద్యం చదివించింది. ఆ కొడుకే జాన్ హార్వీ కెలాగ్ (1852–1943). 1876లో, ఇరవై నాలుగేళ్ల వయసులో, వైద్యశాల పెత్తనం ఆయన చేతికొచ్చింది. దాన్ని ఆయన బాటిల్ క్రీక్ శానిటేరియంగా మార్చాడు. శస్త్రచికిత్స, స్నానాలు, విద్యుత్ దీపాల కాపడం, వ్యాయామం, శాకాహారం అన్నీ ఒకే కప్పు కింద ఉండేవి. డబ్బున్నవాళ్లు దేశం నలుమూలల నుంచీ వచ్చేవారు. ఎనిమిదేళ్లు చిన్నవాడైన తమ్ముడు విల్ కీత్ కెలాగ్ (1860–1951) అదే వైద్యశాలలో జమాఖర్చులు రాయడం నుంచి పార్సిళ్లు కట్టడం దాకా పాతికేళ్లు చాకిరీ చేశాడు. అన్న తెల్లని దుస్తుల్లో సైకిలెక్కి ఆవరణలో చక్కర్లు కొడుతూ పనులు పురమాయిస్తుంటే, తమ్ముడు కాగితం పట్టుకుని పక్కన పరుగెడుతూ రాసుకునేవాడట.

జాన్ హార్వీ కూడా గోధుమ, ఓట్స్, మొక్కజొన్న పిండ్లతో రొట్టెలు కాల్చి, విసిరి పలుకులు చేయించాడు. పేరు కూడా గ్రానులా అనే పెట్టాడు. జాక్సన్ అభ్యంతరం చెప్పాక ఒక్క అక్షరం మార్చి గ్రానోలా అన్నాడు. దాన్నీ కష్టపడి నమలాల్సిందే. తను రోగులకు ఇచ్చిన గట్టి రొట్టె ముక్క కొరికి ఒక ముసలావిడ కట్టుడు పళ్లు విరగ్గొట్టుకుందనీ, పది డాలర్లు పరిహారం అడిగిందనీ, మెత్తగా కొరుక్కునే ధాన్యం కోసం అన్వేషణ అక్కడే మొదలైందనీ డాక్టరు తర్వాత చెప్పుకునేవాడు.

1894లో ఆయన డెన్వర్ వెళ్లి హెన్రీ పెర్కీ అనే ఆయన్ను కలిశాడు. పెర్కీ అప్పటికే ఏడాది క్రితం ఒక యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఉడికించి ఆరబెట్టిన గోధుమలను గాళ్లున్న రోలర్ల మధ్య నడిపితే సన్నని పోగులుగా దిగేవి. ఆ పోగులను పొరలుపొరలుగా వేసి, దిండులా కోసి కాలిస్తే ష్రెడెడ్ వీట్ అయింది. అందులో గోధుమ తప్ప ఇంకేమీ లేదు. ఉప్పు లేదు, చక్కెర లేదు, పైపొర పోలేదు, మొలక పోలేదు. నూట ముప్ఫై ఏళ్ల తర్వాత ఇప్పటికీ అసలు రకం ష్రెడెడ్ వీట్ పెట్టె మీద పదార్థాల జాబితాలో ప్రధానంగా కనిపించేది గోధుమే. ఈ కథలో ఇంతమంది తయారీదారులు వస్తారు కదా, వాళ్లందరిలో మాటకు నిలబడిన వస్తువు పెర్కీదేనని నేను అనుకుంటాను. ఆయన 1901లో నయాగరా జలపాతం పక్కన పెద్ద కిటికీలతో వెలుగు నిండిన కర్మాగారం కట్టి, జలపాతం చూడవచ్చిన యాత్రికులకు దాన్ని కూడా తిప్పి చూపించేవాడు.

డెన్వర్ నుంచి తిరిగొచ్చిన డాక్టరు తన వంటింట్లో ప్రయోగాలు ముమ్మరం చేశాడు. భార్య ఎల్లా ఈటన్ కెలాగ్, తమ్ముడు విల్ అందులో పాలుపంచుకున్నారు. ఇక్కడ కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఆ తర్వాతదంతా ఈ వంటింటి మీదే నిలబడింది. గోధుమలను ఉడికించి ముద్ద చేసి రోలర్ల మధ్య పెట్టేవారు. ముద్ద రోలర్లకు అంటుకుపోయేది. కత్తితో గీకితే జిగురు పెళ్లలుగా ఊడేది. ఉడికించే సమయం తగ్గించారు, పెంచారు, ఏదీ కుదరలేదు. ఒకసారి ఉడికిన గోధుమలు వేరే పని తొందరలో అలాగే ఉండిపోయాయి. తర్వాత చూస్తే కొంచెం పాడైనట్టున్నాయి. పారేయకుండా రోలర్లలో పెట్టారు. ఈసారి ముద్ద రాలేదు. ఒక్కో గింజ ఒక్కో పలుచని రేకుగా విడివిడిగా రాలింది. కాలిస్తే కరకరలాడింది.

జరిగిందేమిటంటే, ఉడికిన వెంటనే గింజ పైభాగంలో తడి ఎక్కువగా, లోపల తక్కువగా ఉంటుంది. గంటల తరబడి మూతపెట్టి ఉంచితే ఆ తడి గింజంతటా సమంగా పాకుతుంది. అప్పుడు ఒత్తిడి పడితే గింజ చిట్లకుండా, జిగురుగా సాగకుండా రేకులా పరుచుకుంటుంది. ఇవాళ్టికీ ప్రతి ఫ్లేక్స్ కర్మాగారంలో ఈ నిలవుంచే దశ ఉంటుంది. ఉడికిన గింజను అణిచి తినడం మనకు కొత్త కాదు. కుచేలుడు కొంగున కట్టుకెళ్లిన అటుకులు ఆ జాతివే, వడ్లను నానబెట్టి వేయించి రోట్లో దంచితే వచ్చేవి. బాటిల్ క్రీక్ వంటింటికి ఆ సంగతి తెలియదు. వాళ్లు సొంత దారిలో, యంత్రం మీద, గోధుమతో అక్కడికి చేరారు. డాక్టరు 1895 మే 31న పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1896 ఏప్రిల్ 14న అది వచ్చింది. అందులో గోధుమతో పాటు బార్లీ, ఓట్స్, మొక్కజొన్నల పేర్లు కూడా రాయించాడు. ఈ తొలి గోధుమ రేకులకు గ్రానోస్ అని పేరు. పూర్తి గింజ, ఏదీ తీసేయలేదు.

ఇంతవరకు ఇది ఉద్యమం. వ్యాపారంగా మార్చింది ఒక రోగి. చార్లెస్ విలియం పోస్ట్ (1854–1914) 1891లో జబ్బుతో శానిటేరియంలో చేరాడు. అక్కడి చికిత్సతో ఆయనకు నయం కాలేదు గానీ అక్కడి భోజనశాలను బాగా గమనించాడు. 1895లో అదే ఊళ్లో గోధుమ, బెల్లపు పాకం వేయించి కాఫీకి బదులు తాగే పోస్టమ్ అమ్మకానికి పెట్టాడు. 1897లో గ్రేప్ నట్స్ తెచ్చాడు. అందులో ద్రాక్షా లేదు, గింజపప్పూ లేదు. గోధుమ, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ కలిపి రొట్టెలు కాల్చి, విరిచి, మళ్లీ కాల్చి చేసిన పలుకులవి. జాక్సన్ పద్ధతికి పోస్ట్ చేర్చిన మెరుగు ఆ బార్లీ మొలకల తీపి. ఆహారంగా అది మంచి వస్తువే. కానీ అది మెదడుకు బలమని, అపెండిసైటిస్ రాకుండా కాపాడుతుందని పోస్ట్ ప్రకటనల్లో రాయించాడు. కోలియర్స్ పత్రిక ఆ అబద్ధాలను ఎండగట్టింది. పోస్ట్ ఎదురు ప్రకటనలతో పత్రిక మీద బురద చల్లాడు. పత్రిక పరువు నష్టం దావా వేసింది. 1910లో జ్యూరీ యాభై వేల డాలర్లు చెల్లించమంది, పై కోర్టులో ఆ తీర్పు నిలవలేదు. ఆహారాన్ని మందుగా అమ్మే అలవాటు ఈ పరిశ్రమకు అక్కడే అంటుకుంది, ఇప్పటికీ వదల్లేదు.

పోస్ట్ కొద్ది ఏళ్లలోనే కోటీశ్వరుడు కావడం చూసి బాటిల్ క్రీక్‌కు బంగారు గనులకు వచ్చినట్టు జనం వచ్చిపడ్డారు. 1900 తర్వాత నాలుగైదేళ్లలో ఆ చిన్న ఊళ్లో పదుల కొద్దీ ఫ్లేక్స్ కంపెనీలు లేచాయి. మాల్టా వీటా, ట్రైయబీటా, నోర్కా, ఇలా రకరకాల పేర్లు. కొన్ని కంపెనీలు షేర్లు అమ్మాయే గానీ పెట్టెలు అమ్మలేదు. దాదాపు అన్నీ మూతపడ్డాయి. వాటి గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

ఇక అసలు మలుపు మొక్కజొన్న దగ్గర వచ్చింది. సోదరులు 1890ల చివర్లో మొక్కజొన్న రేకులు చేశారు. గోధుమలా కుదరలేదు. మందంగా వచ్చేవి, కొన్నాళ్లకే ముక్కవాసన కొట్టేవి. మొక్కజొన్న గింజలో నూనె చాలావరకు మొలకలోనే ఉంటుంది. గింజ చిట్లగానే ఆ నూనెకు గాలి తగులుతుంది, వాసన మారుతుంది. పైపొరను, మొలకను తీసేసి, మిగిలిన గట్టి పిండి ముక్కలను మాల్టు, చక్కెర, ఉప్పుతో ఉడికించి రేకులు చేస్తే పలుచగా, కరకరలాడుతూ, నెలల తరబడి నిల్వ ఉండేలా వచ్చాయి. రైలెక్కి దేశమంతా తిరిగి, కొట్లో అరమీద కూర్చుని, పాడవకుండా కొనేవాడి ఇంటికి చేరే సరుకు దొరికింది. కానీ అందులో పూర్తి గింజ లేదు.

విల్‌కు అందులో భవిష్యత్తు కనిపించింది. చక్కెర చేర్చడం డాక్టరుకు నచ్చలేదు. తన పేరు మార్కెట్లో వస్తువుల మీద పడితే వైద్యుడిగా పరువు పోతుందన్న బెంగ కూడా ఉండేది. 1906 ఫిబ్రవరి 19న విల్ సొంత కంపెనీ పెట్టాడు, బాటిల్ క్రీక్ టోస్టెడ్ కార్న్ ఫ్లేక్ కంపెనీ. అప్పటికి ఆయనకు నలభై ఐదేళ్లు, అందులో సగానికి పైగా అన్న నీడలోనే గడిచింది. 1907 జులై 4న కర్మాగారం కాలిపోతే వెంటనే మళ్లీ కట్టించాడు. వచ్చిన డబ్బు వచ్చినట్టు ప్రకటనల మీద పెట్టాడు. అసలైన పెట్టె మీద తన సంతకం ఉంటుందని ప్రచారం చేశాడు. ఇంటిపేరు మీద హక్కు ఎవరిదని అన్నదమ్ములు కోర్టుల చుట్టూ తిరిగారు. 1920లో మిషిగన్ సుప్రీంకోర్టు తమ్ముడి పక్షాన తీర్పు చెప్పింది. ఇద్దరూ తొంభై ఒకటో ఏట పోయారు, రాజీ పడకుండానే. డాక్టరు చివరి రోజుల్లో తమ్ముడికి క్షమాపణగా ఉత్తరం రాశాడనీ, అది ఆయన పోయాక గానీ విల్ చేతికి అందలేదనీ వాళ్ల జీవిత చరిత్రకారులు రాశారు. విల్ 1930లో పిల్లల సంక్షేమం కోసం ఒక ఫౌండేషన్ పెట్టి, తన సంపదలో అధిక భాగాన్ని దానికి రాసిచ్చాడు. డాక్టరు గురించి మరో మాట కూడా దాచకూడదు. మనుషుల్ని జాతులుగా విడదీసి మేలు జాతి, కీడు జాతి అని ఎంచే యూజెనిక్స్ సిద్ధాంతానికి ఆయన గట్టి ప్రచారకుడు. ఆయన ఆహార శాస్త్రాన్ని మెచ్చుకునే ప్రతిచోటా ఈ మచ్చను కూడా చెప్పి తీరాలి.

నిల్వ కోసం మొలకను తీయక తప్పదు కదా అని వాదించవచ్చు. ఆ వాదన నిలవదు, దానికి ఓట్స్ చరిత్రే సాక్ష్యం. ఓట్స్ గింజలో నూనె గోధుమ కంటే ఎక్కువ, తొందరగా చేదెక్కుతుంది. ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో జర్మనీ నుంచి వచ్చిన ఫెర్డినాండ్ షూమాకర్ ఓట్స్ మిల్లు నడిపేవాడు. అమెరికాలో అప్పటికి ఓట్స్ అంటే గుర్రాల దాణా. రావెన్నా అనే ఊరి మిల్లు 1877లో క్వేకర్ బొమ్మను ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించింది. 1881లో ఆ మిల్లును హెన్రీ పార్సన్స్ క్రోవెల్ కొన్నాడు. పీపాల్లోంచి కొలిచి అమ్మే ఓట్స్‌ను అట్టపెట్టెల్లో పెట్టి, పెట్టె మీద వండే విధానం అచ్చువేసి అమ్మాడు. ఓట్స్‌ను ఆవిరి పట్టి, ఆ తర్వాతే రోలర్ల మధ్య చదును చేస్తారు. ఆ ఆవిరి వేడికి నూనెను పాడుచేసే ఎంజైమ్ నశిస్తుంది. గింజ పై ఊక తప్ప ఇంకేమీ తీయక్కర్లేదు. పైపొర, మొలక, పిండి మూడూ ఉన్న రోల్డ్ ఓట్స్ నెలల తరబడి నిల్వ ఉంటాయి. అంటే మొలకను కాపాడుకునే దారి 1880లలోనే ఉంది. మొక్కజొన్న విషయంలో అటువంటి దారి వెతికే ఓపిక ఎవరికీ లేకపోయింది, తీసేయడం చౌకగా కుదిరింది కాబట్టి. ఓట్స్‌లో ముక్కలుగా కోసినవి, చదును చేసినవి, ఇంకా పలుచగా చేసి తొందరగా ఉడికేవి అని రకాలున్నాయి. వండే సమయంలోనే తేడా, అన్నీ పూర్తి గింజే. తీపి, సువాసనలు కలిపిన చిన్న పొట్లాల సంగతి మాత్రం వేరు.

ధాన్యాన్ని పేల్చడం కూడా ఈ కాలపు కథే. అలెగ్జాండర్ పియర్స్ ఆండర్సన్ వృక్ష శాస్త్రవేత్త. స్టార్చ్ రేణువు లోపల కొంచెం నీరు ఉంటుందన్న సిద్ధాంతాన్ని పరీక్షించడానికి 1901 డిసెంబరులో న్యూయార్క్ వృక్షోద్యానంలో గాజు గొట్టాల్లో స్టార్చ్ నింపి, సీలు వేసి, ఓవెన్‌లో కాల్చి, సుత్తితో పగలగొట్టాడు. ఢామ్మని పేలింది. లోపల పొడి పోయి తెల్లగా పొంగిన బెండులాంటి కడ్డీ మిగిలింది. మూసిన పాత్రలో వేడెక్కిన నీరు ఆవిరి కాలేక ఒత్తిడిలో ఉంటుంది, ఒక్కసారిగా మూత తెరిస్తే ఆవిరై గింజను లోపలి నుంచి ఉబ్బిస్తుంది. ఆయన క్వేకర్ కంపెనీలో చేరాడు. 1904లో సెయింట్ లూయీస్ ప్రపంచ ప్రదర్శనలో కంచు ఫిరంగుల్లోంచి బియ్యాన్ని పేల్చి జనానికి చూపించారు. పేలిన గోధుమలో గింజ చాలావరకు నిలుస్తుంది. పేలిన తెల్లబియ్యంలో లేదు, తౌడు ముందే పోయింది కాబట్టి.

అట్లాంటిక్‌కు అవతల, జ్యూరిక్‌లో మాక్సిమిలియన్ బిర్షెర్ బెన్నెర్ (1867–1939) అనే వైద్యుడు 1900 ప్రాంతంలో రోగులకు ఇచ్చిన వంటకం మ్యూస్లీ. ఇవాళ మ్యూస్లీ అంటే ఓట్స్ సంచిలో నాలుగు ఎండు ద్రాక్షలు అనుకుంటున్నాం. ఆయన చేసింది వేరు. ముందు రోజు రాత్రి ఒక్క చెంచా ఓట్స్ నీళ్లలో నానబెట్టాలి. పొద్దున్న అందులో నిమ్మరసం, కొంచెం చిక్కటి డబ్బా పాలు కలపాలి. తినబోయే ముందు ఒక ఆపిల్‌ను తొక్కతో, గింజల గూడుతో సహా దానిలోకి తురమాలి. పైన బాదం లాంటి పప్పుల పొడి. అది పండు తిండి, ఓట్స్ దానికి తోడు మాత్రమే.

ఆస్ట్రేలియాలో అడ్వెంటిస్టుల సానిటేరియం కంపెనీ చేతికొచ్చిన వీట్‌బిక్స్, దాని వరసలోనే ఇంగ్లండులో 1932 నుంచి తయారైన వీటాబిక్స్ కూడా పూర్తి గోధుమను అణిచి చేసిన బిళ్లలే. మినియాపొలిస్‌లో తెల్లపిండితోనే గొప్పదైన వాష్‌బర్న్ క్రాస్బీ మిల్లు 1924లో పూర్తి గోధుమ రేకులు తెచ్చింది. అవే తర్వాత వీటీస్ అయ్యాయి. అదే సంస్థ నుంచి ఎదిగిన జనరల్ మిల్స్ 1941లో ఓట్స్ పిండితో చిన్న చిన్న రింగులు చేసి చీరీఓట్స్ అంది. క్వేకర్ అభ్యంతరంతో 1945లో పేరు చీరియోస్ అయింది. వీటీస్ కంటే ముందే, 1916లో, కెలాగ్ కంపెనీ ఆల్ బ్రాన్ తెచ్చింది. మిల్లులో గింజ నుంచి వేరుచేసిన పొట్టును విడిగా పెట్టెలో పెట్టి మలబద్ధకానికి మందుగా అమ్మడం అన్నమాట. తీసేసిందే జనం మళ్లీ డబ్బిచ్చి కొనుక్కోవాల్సి వచ్చింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత చక్కెర కట్టలు తెంచుకుంది. పోస్ట్ కంపెనీ 1949లో షుగర్ క్రిస్ప్, కెలాగ్ కంపెనీ 1952లో షుగర్ ఫ్రాస్టెడ్ ఫ్లేక్స్, 1953లో షుగర్ స్మాక్స్ తెచ్చాయి. చివరి దానిలో బరువులో సగానికి మించి చక్కెరే. అప్పట్లో చక్కెర అన్న మాటను పేరులోనే గర్వంగా పెట్టుకున్నారు. జనానికి అనుమానం మొదలయ్యాక 1980లలో పేరులోంచి ఆ మాట తీసేశారు. 1970లో రాబర్ట్ చోట్ అనే ఆయన అమెరికా సెనేట్ కమిటీ ముందు అరవై రకాల అల్పాహార ధాన్యాలను పోషకాల వరసలో పేర్చి చూపించాడు. నలభై రకాల్లో కేలరీలు తప్ప చెప్పుకోదగ్గ పోషణ లేదని తేల్చాడు. పిల్లల టీవీ కార్యక్రమాల్లో ఎక్కువగా ప్రకటించేవి ఆ నాసిరకాలనేనన్నాడు. కంపెనీలు తమ సరుకుకు విటమిన్లు అద్దడం ఆ తర్వాత జోరందుకుంది.

ఆ అద్దిన విటమిన్లలో ఒకదాని వెనుక మనవాడున్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాలలో నడిపిన బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. గర్భిణులకు అది చాలకపోతే బిడ్డ వెన్నుపాములో లోపాలు రావచ్చని తర్వాత రుజువైంది. 1998 నుంచి అమెరికాలో పోషకాలు చేర్చిన పిండ్లలో ఫోలిక్ ఆమ్లం కలపడం తప్పనిసరి చేశారు. అల్పాహార ధాన్యాల పెట్టెల మీద దాని పేరు కనిపించడం మామూలైంది. ఆ పని ఎందరో పసివాళ్లను కాపాడింది, ఆ ఘనతను తక్కువ చేయకూడదు. కానీ విటమిన్ అద్దిన తెల్లరేకు పూర్తి గింజ కాదు. అందులో పీచు తిరిగి రాదు, మొలకలోని నూనె తిరిగి రాదు. ఉగాండాలో పనిచేసిన శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్ 1970లలో పీచు గురించి ఊరూరా చెప్పాక గానీ లోకం మళ్లీ గింజ పైపొర వైపు చూడలేదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లో ఓట్స్ పీచు గుండెకు మేలన్న మాట పెట్టె మీద రాసుకోవడానికి అనుమతిచ్చింది. దాని కొలత రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్. పైపొర, మొలక, పిండి గింజలో ఉన్న పాళ్లలోనే ఉంటేనే పూర్తి ధాన్యం అన్న నిర్వచనం అమెరికా ధాన్య రసాయన శాస్త్రవేత్తల సంఘం 1999లో ఇచ్చింది. గ్రాహం పుస్తకం వచ్చి అప్పటికి నూట అరవై రెండేళ్లు.

కెలాగ్ కంపెనీ 1994లో మన దేశంలో అడుగుపెట్టి మహారాష్ట్రలోని తలోజాలో కర్మాగారం పెట్టింది. వేడి పాలు పోసుకునే అలవాటున్న ఇళ్లలో కార్న్ ఫ్లేక్స్ నిమిషంలో మెత్తబడిపోయి మొదట్లో ఆదరణ పొందలేదు. చాక్లెట్ కలిపిన తీపి రకాలు వచ్చాక పిల్లలు మరిగారు. ఇప్పుడు కథ చిరుధాన్యాల వైపు తిరిగింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్న ఫ్లేక్స్, పేలాలు, రవ్వల తయారీ పద్ధతులను రూపొందించి చిన్న సంస్థలకు నేర్పుతోంది. సజ్జ పిండి త్వరగా చేదెక్కడం, కొర్రలు, సామలు నిల్వ ఉండటానికి, తెల్లగా మెరవడానికి పాలిష్ పట్టించడం, ఇవన్నీ బాటిల్ క్రీక్ మొక్కజొన్న సమస్యకు మన రూపాలు. వేడితోనో ఆవిరితోనో ఆ నూనెను కాపాడే ఉపాయం ఓట్స్ వాళ్లు 140 ఏళ్ల క్రితమే చూపించారు. మన మిల్లులు ఆ దారి పట్టాలి, పాలిష్ దారి కాదు.

కొనేవాళ్లు చేయగలిగింది కూడా ఉంది. పెట్టె ముందు వైపు బొమ్మను, పెద్ద అక్షరాలను వదిలేసి వెనక్కి తిప్పండి. పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నియమం. మొదటి మాట పూర్తి గోధుమ, ఓట్స్, జొన్న లాంటిదేనా, చక్కెర ఎన్నో స్థానంలో ఉంది, ఈ రెండూ చూడండి. చక్కెర, బెల్లం, తేనె, గ్లూకోజ్ పాకం, మాల్టు అని తీపిని నాలుగైదు పేర్లకు పంచి కిందికి దించి ఉంటే అన్నీ కలిపి లెక్కేయండి. కొర్రలు కొనేటప్పుడు పాలిష్ లేనివి కావాలని అడగండి. అడిగేవాళ్లు పెరిగితేనే కొట్టువాడు తెప్పిస్తాడు.

వచ్చే వారం: డబ్బా పాల చరిత్ర.